రికార్డుకెక్కని అడవికి సాక్షులం మనమే

ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం

గుట్ట మీది నెమలికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. కుంట ఒడ్డున నిలబడ్డ కొంగకు సర్వే నంబరు తెలియదు. వాటి తరఫున మాట్లాడేవాళ్లు మనుషుల్లోనే ఉండాలి. ఆ మనుషులు ఎవరు? హైటెక్ సిటీ చుట్టూ మిగిలిన కాసింత అడవిని కాపాడటం కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్ల పని అనీ, కార్లలో వచ్చి వాకింగ్ చేసేవాళ్ల సరదా అనీ మన హాస్టల్‌లో చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. అది మన పని కూడా. ఇంకా చెప్పాలంటే ముందుగా మన పని. ఎందుకో ఈ వార్షికోత్సవ సంచికలో నా చెల్లెళ్లకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హైటెక్ సిటీ కింద ఏముంది?

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకుముందు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అన్నీ ఊళ్లే. పొలాలు, బండల గుట్టలు, సీతాఫలం పొదలు, వాగులు, కుంటలు. ఈ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. గుట్ట మీద పడ్డ వాన బండల పగుళ్లలోకి, మొరం నేలలోకి కొంత ఇంకుతుంది. మిగిలింది వాగై పల్లానికి దిగి కుంటలో చేరుతుంది. ఆ వాగు వెంట తేమ ఉంటుంది కాబట్టి చెట్లు గుబురుగా పెరుగుతాయి, చెట్లు ఉన్నచోటికి పిట్టలు, జంతువులు వస్తాయి. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చింది దుర్గం చెరువు. 2020లో తీగల వంతెన వేసిన తరువాత దాన్ని అందరూ వంతెన పేరుతోనే గుర్తుపడుతున్నారు.

ఈ నేలను పట్టించుకున్నవాళ్లు మొదటి నుంచీ లేకపోలేదు. బండల్ని పగలగొట్టి కంకరగా అమ్ముతుంటే చూడలేక 1996లో కొందరు 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం పెట్టారు. శిల్పారామంలోని 'బేర్స్ నోస్' అనే బండ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని 'మష్రూమ్ రాక్' వారసత్వ శిలల జాబితాకెక్కాయి. అపార్టుమెంట్లలోకి వచ్చిన పాముల్ని చంపకుండా పట్టుకుపోయి అడవిలో వదిలే 'ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ' ఉంది. తెల్లవారుజామున చెరువుల దగ్గర పక్షుల్ని లెక్కపెట్టే బృందాలున్నాయి. 2025లో ఇలాంటి బృందాలు కలిసి 'హైదరాబాద్ బర్డ్ అట్లాస్' పని మొదలుపెట్టాయి. నగరాన్ని గళ్లుగా విడగొట్టి ఏ గడిలో ఏ పిట్ట ఉందో రాస్తున్నారు.

పిట్టల్ని లెక్కపెడితే ఏం వస్తుంది అని మీరు అడగవచ్చు. ఏం వస్తుందో 2025లో మన కళ్లముందే తేలింది.

కంచ గచ్చిబౌలి చెప్పిన పాఠం

కంచ గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని 400 ఎకరాలున్నాయి. 2003లో అప్పటి ప్రభుత్వం ఆ భూమిని ఐఎంజీ భారత అనే క్రీడా సంస్థకు కేటాయించింది. 2006లో తరువాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. ఆ మధ్యకాలంలో మనుషులు తగవులాడుకుంటుంటే చెట్లు మాత్రం పెరుగుతూ పోయాయి.

2025 మార్చి 30న, ఉగాది రోజున, బుల్డోజర్లు ఆ పొదల్లోకి దిగాయి. అడ్డుపోయిన విద్యార్థుల్ని పదుల సంఖ్యలో పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఉగాది, రంజాన్ వరుస సెలవులు చూసుకొని రాత్రింబవళ్లు చెట్లు కూల్చారు. విద్యార్థులు, వట ఫౌండేషన్ వంటి సంస్థలు కోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. కోర్టు పంపిన హైకోర్టు రిజిస్ట్రార్ వెళ్లి చూసేసరికే దాదాపు 100 ఎకరాలు నేలమట్టమైంది. అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని కూడా ఆయన నివేదికలో ఉంది. దారి తప్పి బయటికి వచ్చిన ఒక జింక కుక్కల బారిన పడి చచ్చిపోయింది. మచ్చల జింక మన రాష్ట్ర జంతువు. పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ కింద పేరు రాయించి మార్కులు వేస్తాం. బయట అది ఉండే చోటును చదును చేస్తాం.

'అంత తొందర ఏమొచ్చింది' అన్న ధోరణిలో ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. మే 15న ఇదంతా ముందే అనుకొని చేసినట్లు కనిపిస్తోందని, నేలను తిరిగి పచ్చగా చేయకపోతే అధికారులు జైలుకు వెళ్లవలసి వస్తుందని హెచ్చరించింది.

ప్రభుత్వ వాదన ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఇది అడవి కాదు, రెవెన్యూ రికార్డుల్లో 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని ఉందన్నారు. చెల్లెళ్లారా, ఈ ఒక్క మాటలో మన చరిత్ర ఉంది. కంచ అంటే మన పల్లెల్లో పశువులు మేసే గడ్డి బీడు. అస్తబల్ అంటే గుర్రపుశాల. అంటే మేసే జీవాలు బతికిన నేల అని రికార్డే చెబుతోంది. కానీ 'పోరంబోకు' అన్న మాట పడగానే అది ఎందుకూ పనికిరాని నేల అని అర్థం తీశారు. మనల్ని కూడా చాలాకాలం ఎందుకూ పనికిరానివాళ్లుగానే రాశారు కదా! కాగితం మీద పడిన మాటకు ఎంత బలముంటుందో మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? మనం హాస్టల్‌లో సీటు కోసం కుల ధ్రువపత్రం పట్టుకొని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లం.

కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పాలి. విద్యార్థులు, పరిశోధకులు ఏళ్ల తరబడి రాసుకున్న జాబితాలు అక్కడ జవాబు చెప్పాయి. ఆ ఆవరణలో 220కి పైగా పక్షి జాతుల్ని వాళ్లు నమోదు చేసి ఉంచారు. హైదరాబాద్ పేరే పెట్టుకున్న 'మురీషియా హైదరాబాదెన్సిస్' అనే సాలీడు ఆ విశ్వవిద్యాలయ ఆవరణలోనే దొరికి 2010లో శాస్త్రలోకానికి పరిచయమైంది. రికార్డులో ఏ పేరు రాసి ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే అని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో చెప్పింది. అయితే అది అడవి అని ఎవరో ఒకరు చూపించాలి కదా!

ఇంకో సంగతి. ఆ రోజుల్లో కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలు కూడా కొన్ని ఫోన్లలో తిరిగాయి. వాటిని చూపించి అంతా అబద్ధపు ప్రచారమేనన్న వాదన లేచింది. ఆవేశంతో పంపిన బొమ్మ మన పక్షానికే నష్టం చేసింది. తేదీ, చోటు, పేరు వేసి ఓపికగా రాసిన నోట్‌బుక్ మాత్రం ఎవరు అడిగినా నిలబడింది.

ఉద్యోగాలు వద్దా?

ఈ మాట నన్ను కూడా అడిగారు. ఆ 400 ఎకరాల మీద 50 వేల కోట్ల పెట్టుబడి, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. నాకు 23 ఏళ్లు, ఇంకా ఉద్యోగం లేదు. ఉద్యోగం వద్దనడానికి నాకు స్తోమత లేదు. మా చిన్నాయన పాలమూరు నుంచి వచ్చి గచ్చిబౌలి భవనాలకు సిమెంటు తట్టలు మోశాడు. ఆ అద్దాల మేడల్లో కూర్చొనే హక్కు మన పిల్లలకు ఉండాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

కానీ ఒక్కటి ఆలోచించండి. వాగు మూసేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్లానికే పోతాయి. పల్లంలో ఉండేది ఎవరు? 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు హైదరాబాద్ బస్తీలు మునిగినప్పుడు బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకున్నది ఎవరు? అడవి వద్దన్నవాళ్లు పై అంతస్తుల్లో ఉంటారు, ఆ నీళ్లు మాత్రం మన గుమ్మంలోకి వస్తాయి. ఉద్యోగాలకు మేడలు కావాలి, నిజమే. కట్టి ఖాళీగా ఉన్నవీ, చదునై పడి ఉన్నవీ చూసుకోకుండా వాగుల మీదే ఎందుకు కట్టాలి?

'పేదలకు ముందు అన్నం, ఆ తరువాత నెమళ్లు' అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. అడవిని కాపాడతామంటూ చుట్టూ గోడ కట్టి, గేటుకు టికెట్ పెట్టి, కట్టెలు ఏరుకునే ముసలమ్మను తరిమేస్తే అది సంరక్షణ కాదు, ఇంకో రకం కబ్జా. అందుకే ఆ పనిలో మనం ఉండాలంటున్నాను. మనం లేకపోతే ఆ గోడ ఎక్కడ కట్టాలో నిర్ణయించేది వేరేవాళ్లు.

మనకున్న చదువు

మా నాయన చిన్నప్పుడు జీతం ఉండి పశువుల్ని కాశాడు. ఏ గడ్డి పాలిస్తుందో, ఏ ఆకు కడుపు ఉబ్బిస్తుందో ఆయనకు తెలుసు. నేను ఎం.ఎస్సీ.లో లాటిన్ పేర్లతో నేర్చుకున్న మొక్కల్లో సగం మా అమ్మ గట్టు మీద నడుస్తూ గుర్తుపడుతుంది. బతుకమ్మకు కోసే తంగేడు పుస్తకంలో 'సెన్నా ఆరిక్యులేటా' అవుతుంది. గునుగు 'సెలోషియా అర్జెంటియా' అవుతుంది. నగరంలో వీటిని మార్కెట్లో కట్టలుగా కొంటారు. మనకు అవి మొలిచే చోటు తెలుసు. అది కూడా చదువే. దానికి సర్టిఫికెట్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

చట్టంలో దానికి చోటు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. స్థానికులు చెప్పిన చెట్లు, పశువులు, పక్షులు, మందుమొక్కల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. ఆ కమిటీల్లో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఉండాలని 2004లో వచ్చిన నియమాలు చెప్పాయి. మన కోసమే వేసి ఉంచిన కుర్చీలవి. ఎంతమందిమి వెళ్లి అడిగాం?

2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు ఇదే ఐటీ ప్రాంతంలోని హెచ్‌ఐసీసీలో జరిగింది. ప్రపంచ దేశాల ప్రతినిధులు వచ్చారు. ఈనాడు గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ అంటే బస్సు దిగే చోటు పేరు, ఫ్లైఓవర్ పేరు. ఆ మాట బోర్డు మీద ఉంటే చాలదు.

ఏం చేయగలం?

పెద్ద పనులు చెప్పను. మన హాస్టల్‌లో ఒక 200 పేజీల నోట్‌బుక్ పెడదాం. నెలకు రెండు ఆదివారాలు దగ్గర్లోని చెరువుకో, గుట్టకో పది మంది కలిసి వెళ్దాం. తేదీ, చోటు, చూసిన చెట్టు, పిట్ట, మన ఊళ్లో దాన్ని పిలిచే పేరు, కుంటలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాద్దాం. పేరు తెలియకపోతే బొమ్మ గీద్దాం. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అవ్వనూ తాతనూ అడిగి రాసుకొద్దాం. ప్రతి ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పక్షుల గణన జరుగుతుంది. మన లెక్క కూడా అందులో కలుపుదాం. 1931-32లో సలీం అలీ నిజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన రాసిపెట్టారు కాబట్టే అప్పటి పిట్టల సంగతి ఇప్పుడు తెలుస్తోంది. మన నోట్‌బుక్ కూడా రేపటివాళ్లకు అలాగే ఉపయోగపడుతుంది.

అధికారులకు నా విజ్ఞప్తి ఒక్కటే. హైదరాబాద్‌లో తయారయ్యే జీవవైవిధ్య రిజిస్టర్ల పనిలో సంక్షేమ హాస్టళ్ల విద్యార్థులకు చోటు ఇవ్వండి. మెస్ బిల్లులతో పాటు మా నోట్‌బుక్కులు కూడా ఒకసారి తిరగేయండి.

చెల్లెళ్లారా, అక్షరం నేర్చుకోవడానికి మన వాళ్లు తరాలు ఎదురుచూశారు. ఆ అక్షరంతో మన పేరు రాసుకున్నాం, పరీక్షలు రాశాం, దరఖాస్తులు రాశాం. ఇకమీదట, రాయడం రాని జీవాల పేర్లు కూడా రాద్దాం. మళ్లీ ఎప్పుడైనా ఏ వాగు ఒడ్డుకైనా బుల్డోజరు వచ్చి, ఇక్కడ ఏముంది, ఏమీ లేదు కదా అని ఎవరైనా అంటే, మన హాస్టల్ నోట్‌బుక్ తెరిచి ఇదిగో ఇవి ఉన్నాయి అని చూపించగలగాలి.