చీపురెత్తుటకు ముందు



ఉగాదికి ముందు బూజు దులుపు దినములలో మేమొక అపరాధము చేయబోయితిమి. వసారాలో బట్టలారవేయు తీగనుండి ఎండుగడ్డి, బెరడు ముక్కలు, సాలెపట్టు కలిసిన ముద్ద యొకటి వ్రేలాడుచుండగా, చెత్తయని చీపురెత్తితిమి. పొరుగింటి బాలిక పరుగున వచ్చి, "అత్తా, కొట్టొద్దు! మా పుస్తకంలోని హమ్మింగు పక్షి దాంట్లో ఉండాది" అనెను. చూడగా ఆ ముద్దకు ప్రక్కన చిన్న ద్వారమును, దానిపై చూరును, లోపలనుండి తొంగిచూచు వంపుముక్కును కనబడినవి.

బాలిక గూటిని రక్షించినది గాని, పక్షి పేరు మాత్రము సరికాదు. హమ్మింగు పక్షులు నేడు అమెరికా ఖండములందు దప్ప మరెచ్చటను సహజముగా నివసింపవు. వానిలో సుమారు 360 జాతులు కలవు. ఒక జాతి వేసవిలో అలాస్కా వరకు పోవును గాని, అధికభాగము ఉష్ణమండలముననే, అందును ఆండీసు పర్వత ప్రాంతముననే యున్నవి. కొలంబియాలో 160కి పైగాను, దానికంటె మిక్కిలి చిన్నదగు ఈక్వడారులో 130 వరకును కలవు. కారణ మేమనగా, ఆ కొండల దిగువన ఉక్క, నడుమ మంచు, పైన గడ్డకట్టు చలి. ఎత్తు మారినకొలది పువ్వులు మారును. పువ్వుల లోతును బట్టి పక్షుల ముక్కులును మారినవి. క్యూబా ద్వీపమునందలి జాతి యొకటి 2 గ్రాముల తూకము మాత్రమే. పక్షులన్నిటిలో నదియే మిక్కిలి చిన్నది.

మన దేశమున పువ్వుల తేనె గ్రోలునవి తేనెపిట్టలు. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాలలో వీని జాతులు 140కి పైగా నున్నవి. ఇవి పిచ్చుకల వర్గమునకు జేరినవి. హమ్మింగు పక్షులకు దగ్గరి చుట్టములు కావు. వేర్వేరు దేశముల కంసాలులు ఒకేవిధమైన పట్టకారు చేసికొన్నట్లు, వృత్తి యొకటే యగుటచే ముక్కులు పోలినవి. అది గాలిలో నిలిచి తేనె త్రాగును. ఇది సాధారణముగా కాడపై వ్రాలి త్రాగును.

పాపఘ్ని కొండలను చీల్చుకొనివచ్చు గండిక్షేత్రమునకు సమీపమున నున్న మా చక్రాయపేట ప్రాంతము మెట్టసీమ. అయినను మోదుగ పూచినచోట, దానిమ్మయు మందారమును గల పెరటిలోను ఈ పిట్ట వచ్చును. ఊదారంగు తేనెపిట్టలో మగది సంతానకాలమున నల్లగా నిగనిగలాడును. అది గడచినపిదప పసుపువన్నె దాల్చి, రొమ్మున నొక నల్లచారతో మిగులును. అందుచే మనము వేరొక పిట్ట యనుకొందుము. గూడల్లుట, గ్రుడ్లు పొదుగుట ఆడుదాని పని. పిల్లలను మేపుటలో మగదియు తోడ్పడును. పిల్లలకు తేనె చాలదు. పురుగులను, సాలీళ్లను తెచ్చి పెట్టవలెను. మన మొక్కల పురుగులును ఆ విధముగా తగ్గును.

కావున చీపురెత్తుటకు ముందు ఆ ముద్దకు ప్రక్కద్వార మున్నదేమో చూడుడు. ఉన్నచో పిల్లలెగిరిపోవువరకు బట్టలకు వేరొక తీగ కట్టుకొనుడు. మా వసారాలో ఆ మూల బూజుతోనే పండుగ గడచినది. వచ్చిన బంధువులు చూచి నవ్విరి. గూటిలోని పిల్లల అరపు విని, తరువాత తామే మెల్లగా నడచిరి.