ఆకాశం లేని చిత్రాలు

ప్రకృతి ఫొటో అనగానే దూరంగా కొండ, పైన మబ్బులు, అంచున దిగుతున్న సూర్యుడు గుర్తొస్తాయి. 'అబ్బ' అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఎలియట్ పోర్టర్ తీసిన ఫొటోల్లో చాలావాటిలో ఆకాశమే ఉండదు. రాలిన ఆకులు తేలే మడుగు, నాచు పట్టిన బండ, తడిసిన గోడ. అయినా వాటిని వదిలి చూపు ఓ పట్టాన కదలదు.

పోర్టర్ (1901–1990) అమెరికావాడు. హార్వర్డ్‌లో వైద్యం చదివి, అక్కడే పాఠాలు చెబుతూ పరిశోధన చేసి, ఫొటోగ్రఫీ కోసం ఆ కొలువు వదులుకున్నాడు. 1979లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 'ఇంటిమేట్ లాండ్‌స్కేప్స్' పేరుతో ఆయన ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఒక్కరి రంగుల ఫొటోలతోనే ఆ మ్యూజియం ప్రదర్శన పెట్టడం అదే మొదలు. కళ అంటే నలుపు తెలుపే అన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లోనే రంగును పట్టుకుని నిలిచినవాడికి దక్కాల్సిన గౌరవమే అది.

కెంటకీలో 1968 ఏప్రిల్‌లో తీసిన రెడ్‌బడ్ చెట్టు ఫొటో చూడండి. ఆకు వేయకముందే పూసే చెట్టది. ఊదా కలిసిన గులాబీ పూలు సన్నని మానుల గజిబిజిలో చిక్కుకుని ఉంటాయి. చెట్టును ఆయన విడదీసి నిలబెట్టలేదు. ఎండ పొడ లేదు, నీడల గీతలు లేవు, మెత్తని వెలుగు అన్ని కొమ్మల మీదా ఒకేలా పరుచుకుంది. వసంతం వస్తోంది, ఇంకా రాలేదు. ఆ ఎదురుచూపు మనకూ అంటుకుంటుంది. అదే చెట్టును నీలాకాశం ముందు తీసి ఉంటే పూల అందం మాత్రమే మిగిలేది.

ఆయన పనితనం నాకు మరీ బాగా తెలిసింది కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ ఫొటోల్లో. ఆ లోయ గోడలు ఎర్ర ఇసుకరాయి. ఎండ గోడ పైభాగాన్ని తాకుతుంది. ఆ వెలుగు ఎదుటి గోడ మీద పడి, అక్కడి నుంచి మళ్లీ ఇటు తిరిగి, రాయిని తాకిన ప్రతిసారీ కాస్త ఎరుపెక్కుతుంది. అడుగుకు దిగేసరికి నీడ కూడా కాగుతున్న బెల్లప్పాకంలా మెరుస్తుంది. అదే చోట తడి బండ పైనున్న ఆకాశపు చీలికను పట్టుకుని నీలమవుతుంది. వెచ్చని రంగూ చల్లని రంగూ ఒకే రాతి మీద పక్కపక్కన. నేరుగా ఎండ పడితే ఇదంతా మాయం.

అలాంటి రంగును కాగితం మీదికి తేవడానికి మూడు అద్దకాలను ఒకదానిపై ఒకటి అణువంత తేడా రాకుండా దించేవాడు. రంగును ముదర్చడం, తగ్గించడం ఆయన చేతిలోనే ఉండేవి. ఇప్పుడా వీలు ప్రతి ఫోనులోనూ ఉంది. లేనిదల్లా అంతసేపు ఒక రాతి ముందు నిలబడే ఓపిక. భావం పుట్టేది ఆ నిలబడటంలోనే అని నా అభిప్రాయం.

1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నీళ్లు నిలవడం మొదలైంది. ఆ ఏడాదే ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ పోర్టర్ ఫొటోలను పుస్తకంగా తెచ్చింది. 'ఎవరికీ తెలియని చోటు' అని దాని పేరు. ఆనకట్టను ఆ పుస్తకం ఆపలేకపోయింది. మునిగినదేమిటో మాత్రం చూపించింది.

ఈ మాట రాస్తుంటే పోలవరం ముంపు ఊళ్లు కళ్లముందు మెదులుతున్నాయి. పాపికొండల ఫొటోలు కోకొల్లలు. దాదాపు అన్నీ పడవ మీంచి తీసినవే, అన్నింటిలోనూ కొండ, నది, ఆకాశం. ఆ ఊళ్ల రేవు మెట్లు, చింతచెట్ల మొదళ్లు, వాగు ఇసుక మీద పక్షుల అడుగులు ఎవరు తీశారు? కెమెరా ఉన్న మిత్రులారా, పడవ దిగండి. నీళ్లు రాకముందే దగ్గరికి వెళ్లి తీయండి. తీసినవి మాకు పంపండి. ఈ పత్రిక పేజీలు వాటికోసం తెరిచి ఉంటాయి.