ల్యాప్‌టాప్ పాతదని పక్కన పడేయొద్దు, లినక్స్ మనకు రాదని వదిలేయొద్దు



మన హాస్టళ్లలో తిరిగే ల్యాప్‌టాప్‌లు చాలావరకు సెకండ్ హ్యాండ్‌వే. పత్తి డబ్బులతోనో, స్కాలర్‌షిప్ పడ్డప్పుడో కొన్నవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. మన దగ్గరున్నవేమో నాలుగో తరం, ఆరో తరం. షాపుకు పోతే "ఇది పనికిరాదు, కొత్తది తీస్కో" అంటారు. మెషిన్‌కి ఏమీ కాలేదు. కొత్త విండోస్ దాన్ని రానివ్వట్లేదు, అంతే.

అలాంటి మెషిన్ల మీద లినక్స్ మింట్ లాంటివి హాయిగా నడుస్తాయి. అయితే ప్రతి ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేస్తాయని చెప్తే అది అబద్ధం. కొందరికి వైఫై రాదు, కొందరికి ప్రింటర్ పలకదు. అప్పుడు మనవాళ్లు "ఇది మనకు రాదులే" అని వదిలేస్తున్నారు. మాకు బాధ ఇక్కడే. ఇంట్లో కంప్యూటర్ చూడకుండా కాలేజీ దాకా వచ్చినోళ్లం కదా, ఏది ఆగినా తప్పు మనదే అనుకోవడం అలవాటైపోయింది.

అసలు సంగతి డ్రైవర్‌ది. వైఫై చిప్‌తో సిస్టమ్ మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. విండోస్ వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి చిప్ తయారుచేసే కంపెనీలే దానికి డ్రైవర్ రాసిస్తాయి. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే కలిసి వస్తాయి. ఇంటెల్ వైఫై చాలావరకు పెట్టగానే పనిచేసేది అందుకే. బ్రాడ్‌కామ్ చిప్‌లు కొన్నింటికి మాత్రం డ్రైవర్ విడిగా వేసుకోవాలి. కంపెనీ చిప్ వివరాలు బయటపెట్టకపోతే ఎంత తెలివైనోడికైనా కష్టమే. ఇందులో మన చేతకానితనం ఏముంది?

అందుకే మా మాట ఒక్కటే: ముందు చూడండి, తర్వాతే వేయండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై చిప్ పేరు రాసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా అందులోంచే నడపండి. హార్డ్ డిస్క్‌లోది ఏదీ చెరగదు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ చూడండి. మూత వేసి తీస్తే లేస్తుందో లేదో చూడండి. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్‌లో కావాల్సింది దొరుకుతుందేమో వెతకండి. అన్నీ కుదిరాక, ఫైళ్లు వేరేచోట దాచుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి.

విండోస్ వద్దని మేము అనట్లేదు. ఊళ్లో మీసేవ లాంటి సెంటర్ పెట్టుకున్న అన్నకి వేలిముద్ర మెషిన్, ప్రింటర్ ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. వాటికి లినక్స్ డ్రైవర్ ఉందని తేలేదాకా విండోస్‌ని కదపొద్దు. అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లూ అంతే. కానీ కోడింగ్ నేర్చుకునేవాళ్లకి, పీడీఎఫ్‌లు చదివేవాళ్లకి, ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసుకునేవాళ్లకి కొత్త ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయాల్సిన పని లేదు. లినక్స్‌లో తెలుగు యూనికోడ్ బాగానే టైప్ అవుతుంది.

ఒక్కొక్కరం విడిగా తిప్పలు పడేకన్నా ఈ గ్రూపులోనే ఒక పట్టిక చేద్దాం. మీ ల్యాప్‌టాప్ మోడల్, వైఫై చిప్, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఈ నాలుగూ రాయండి. వచ్చే ఏడాది హాస్టల్లో చేరే తమ్ముడు, చెల్లి సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్లేటప్పుడు అది చేతిలో ఉంటే, ఏది కొనాలో వాళ్లే చెప్తారు. షాపువాడు చెప్పింది వినక్కర్లేదు.