ఫిక్స్‌డ్ అని నొక్కేశాం

స్ట్రెస్ అనాలిసిస్ చేసే మనమందరం ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది. మెష్ సన్నగా, నునుపుగా రావాలని రోజుల తరబడి కూర్చున్నాం. ఆ భాగం అసలు దేన్ని పట్టుకుని నిలబడుతుందో మాత్రం నిమిషం కూడా ఆలోచించలేదు. బోల్టు రంధ్రం కనబడితే చాలు, ఫిక్స్‌డ్ సపోర్ట్ అని నొక్కేశాం.

అంటే వెనకున్న ఫ్రేము రవ్వంత కూడా వంగదని, బోల్టు సాగదని, వేడెక్కినా అక్కడ లోహం పెరగదని రాసిచ్చినట్టే. అలాంటి ఫ్రేమును ఏ ఫ్యాక్టరీలోనూ ఎవరూ చూడలేదు. పొడవునా సమానంగా బరువు మోసే దూలాన్ని రెండు చివరలా కదలకుండా బిగిస్తే, ఊరికే ఆనించినప్పటి వంపులో ఐదో వంతే వంగుతుంది. అసలు సపోర్టు ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడుందో తేల్చడమే మన ఉద్యోగం, దాన్నే వదిలేశాం.

వేడి సంగతి మరీ ఘోరం. ఉక్కు కడ్డీని రెండు కొనలా బిగించి 100 డిగ్రీలు వేడెక్కిస్తే లెక్కలో సుమారు 240 మెగాపాస్కల్స్ స్ట్రెస్ వస్తుంది. మామూలు ఉక్కు 250 దగ్గర లొంగిపోతుంది. తెర మీద ఎరుపు చూసి, మందం పెంచమని రిపోర్టు రాశాం. ఎంత మందం పెంచినా ఆ స్ట్రెస్ తగ్గదు! తప్పు కడ్డీది కాదు, మనం వేసిన బిగింపుది.

లోడ్‌ను ఒకే నోడ్ మీద పెట్టి, మెష్ సన్నబడేకొద్దీ అంకె పెరుగుతుంటే సింగులారిటీ అని కొట్టేశాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ పేరు అడ్డం పెట్టుకుని పట్టించుకోవాల్సిన ఎరుపునూ దాచాం.

1991 ఆగస్టు 23న నార్వేలో, స్టావాంజర్ దగ్గర, స్లైప్నర్ ఎ అనే ఆఫ్‌షోర్ ప్లాట్‌ఫాం కాంక్రీటు పునాది సముద్రంలో మునిగింది. మెష్ సరిగా లేక కొన్ని గోడల్లో షియర్‌ను లెక్క 47 శాతం తక్కువ చూపింది. ఆ కథను క్లాసుల్లో చెప్పుకుని మెష్ పాఠం మటుకు నేర్చుకున్నాం. సాఫ్ట్‌వేర్ తీర్చగలిగే లోపం కాబట్టి అది మనకు సుఖంగా ఉంది.

హైదరాబాద్ ఆఫీసులకు ఎక్కడినుంచో క్యాడ్ ఫైలు, దాంతో నాలుగు లోడ్ అంకెలు వస్తాయి. ఆ భాగాన్ని బిగించే ఫ్రేము అందులో ఉండదు. పంపమని అడగొచ్చు. ఇది కూడా తెలియదా అంటారని, గడువు దాటుతుందని అడగలేదు. రియాక్షన్లు కూడి, పెట్టిన లోడ్‌తో సరిపోయాయని నిశ్చింతగా ఉన్నాం. సపోర్టు మొత్తం తప్పైనా ఆ కూడిక సరిపోతుందని మనకు తెలుసు. రిపోర్టును తిరిగి చూసే సీనియర్లకీ తెలుసు. వాళ్లూ రంగులు చూసి సంతకం పెట్టారు.