సూది మాట స్పీకర్‌కి అందాలంటే

రికార్డు ప్లేయర్లు మళ్లీ ఇళ్లలోకి వస్తున్నాయి. కొందరు ఆన్‌లైన్‌లో కొత్తది కొంటున్నారు. కొందరు తాతగారి అటక మీద నుంచి పాతది దించుతున్నారు. ఇద్దరి నుంచీ నేను వినే కంప్లయింట్ మాత్రం ఒకటే: ‘‘ప్లేటు తిరుగుతోంది, సౌండ్‌బార్ ఆక్స్‌లో వైరు పెట్టా, వాల్యూమ్ ఫుల్. అయినా దోమ పాడినట్టు వస్తోంది.’’

మా ఆఫీసులో పక్క సీటు అతనిది ఇదే కథ. తాతగారి ఆంప్లిఫయర్ ఎప్పుడో పోయింది. ప్లేయర్, ఒక పెట్టెడు ఎల్పీలు మిగిలాయి. రిపేరు షాపులో ‘సౌండ్ సెక్షన్ పోయింది, వదిలేయండి’ అన్నారట. పాత సామాన్లవాళ్లకి ఇచ్చేయాలని డిసైడ్ అయిపోయాడు. నిజానికి అక్కడ ఏదీ పోలేదు. ప్లేయర్‌కీ స్పీకర్‌కీ మధ్య ఉండాల్సిన చిన్న పెట్టె లేదు, అంతే. దాని పేరు ఫోనో ప్రీఆంప్.

అదెందుకు కావాలి? సూది వెనక ఉండే కార్ట్రిడ్జ్‌లో చిన్న అయస్కాంతం, తీగచుట్టలు ఉంటాయి. రికార్డు గాడిలో సూది ఊగితే కరెంటు పుడుతుంది. ఎంత? ఎక్కువగా వాడే ఎంఎం రకం కార్ట్రిడ్జ్‌లో సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఆక్స్ సాకెట్‌కి దాదాపు 300 మిల్లీవోల్టులు కావాలి. అంటే వంద రెట్లు తేడా. ఎంసీ రకమైతే సిగ్నల్ ఇంకా చిన్నది, దానికి ప్రీఆంప్‌లో విడిగా ఎంసీ సెట్టింగ్ ఉండాలి.

‘వాల్యూమ్ పెంచితే సరిపోదా?’ అంటారు. సరిపోదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బేస్‌ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిలోకి వెళ్లిపోతుంది. అందుకని చెక్కేటప్పుడే బేస్‌ని తగ్గిస్తారు, కీచుధ్వనుల్ని పెంచుతారు. ఎంత అంటే, 20 హెర్ట్జ్ దగ్గర ఇంచుమించు పదో వంతుకి తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు పది రెట్లు పెంపు. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ కర్వ్ అనే ఒకే ప్రమాణం ఉంది. వినేటప్పుడు ప్రీఆంప్ దీన్ని సరిగ్గా తిరగేస్తుంది. బేస్ వెనక్కి వస్తుంది, కీచుతో పాటు రికార్డు గరగర కూడా తగ్గుతుంది. మన భాషలో చెప్పాలంటే రికార్డులో ఉన్నది ఎన్‌కోడ్ చేసిన ఫైల్. ప్రీఆంప్ డీకోడర్. డీకోడర్ లేకుండా ఓపెన్ చేసి ఫైల్ కరప్ట్ అంటే ఎలా?

పాత ఆంప్లిఫయర్లలో ‘ఫోనో’ అని రాసిన సాకెట్ ఉండేది. ఈ పెట్టె పని దాని లోపలే జరిగిపోయేది. ఇప్పటి సౌండ్‌బార్లలో, బ్లూటూత్ స్పీకర్లలో అది ఉండదు. అందుకే విడిగా కావాలి.

కలపడం ఇలా. ముందు అన్నీ ఆఫ్ చేయండి. ప్లేయర్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు ప్రీఆంప్ ఇన్‌పుట్‌లోకి. దాని అవుట్‌పుట్ స్పీకర్ ఆక్స్‌లోకి. ప్లేయర్ వెనక సన్నటి విడి తీగ వేలాడుతుంటే దాన్ని ప్రీఆంప్ మీదున్న గ్రౌండ్ స్క్రూకి బిగించండి. మరిచిపోతే ‘మ్మ్‌మ్’ అని ఆగని రొద వస్తుంది. అది మన 50 హెర్ట్జ్ కరెంటు చేసే పాట. బ్లూటూత్ కావాలంటే ట్రాన్స్‌మిటర్‌ని ప్రీఆంప్ తర్వాత పెట్టాలి, ముందు కాదు.

కొనే ముందు రెండు చూడండి. కొత్త ప్లేయర్లు చాలావాటిలో ప్రీఆంప్ లోపలే ఉంటుంది. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటి వాటి వెనక ‘ఫోనో, లైన్’ స్విచ్ ఉంటుంది. లైన్‌లో పెడితే పెట్టె అక్కర్లేదు. లైన్‌లో ఉంచి బయట ఇంకో ప్రీఆంప్ తగిలిస్తే శబ్దం పగిలిపోతుంది. రెండోది, పాత పోర్టబుల్ ప్లేయర్లలో చాలావాటికి సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాని సిగ్నల్ సహజంగానే పెద్దది, వాటికీ ఇది వద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. అరిగిన సూది పాడే ప్రతిసారీ గాడిని చెక్కేస్తుంది. పోయిన గాడిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. పాత ప్లేయర్‌కి ముందు కొత్త సూది, తర్వాతే పాట. 78 ఆర్‌పీఎం రికార్డుల గాడి వెడల్పు, వాటికి లావుపాటి సూది వేరే ఉంటుంది. ఇక కీ తిప్పే గ్రామఫోన్ మీద ఎల్పీ అసలు పెట్టొద్దు. ఎల్పీ మీద ఆనే బరువు సుమారు 2 గ్రాములు. గ్రామఫోన్ తల బరువు 100 గ్రాములు దాటుతుంది.

మా వాడి ప్లేయర్‌కి కొత్త సూది వేసి, ప్రీఆంప్ తగిలించాం. హార్మోనియం వెనక నుంచి బేస్ నిండుగా వచ్చింది. ఆ పెట్టెలోవి చాలావరకు నాటక పద్యాలు. అందులో కొన్ని ఏ మ్యూజిక్ యాప్‌లో వెతికినా దొరకలేదు. ప్లేయర్ వెళ్లిపోయి ఉంటే, ఆడించేది లేని రికార్డులు కూడా వెనకే వెళ్లేవి. ఇప్పుడు ప్రీఆంప్ అవుట్‌పుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో రోజుకో పక్క రికార్డు చేస్తున్నాడు. వాళ్ల నాన్నగారేమో ఫ్యామిలీ గ్రూపులో ‘తర్వాతిది ఎప్పుడు?’ అని అడుగుతున్నారు.

మీ ఇంట్లోనూ ప్లేయర్ ‘పాడై’ మూల పడి ఉంటే ఒక పరీక్ష. సూది బాగుందని చూసుకున్నాక, స్పీకర్ పూర్తిగా ఆపి, తిరుగుతున్న ప్లేటు మీద సూది దించి చెవి దగ్గర పెట్టండి. సన్నగా పాట వినిపిస్తే సూది గాడిని చదువుతున్నట్టే. దాన్ని పాత సామాన్ల బండి ఎక్కించే ముందు ఒక్కసారి ఎవరిదైనా ప్రీఆంప్ అడిగి తగిలించి చూడండి.