బడి తెరచిన తొలి పక్షము

తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులకును విన్నపము.

ఏప్రిల్ చివరివారమున మూతపడిన మన ఉభయ తెలుగు రాష్ట్రముల పాఠశాలలు, రోహిణికార్తె గడచి మృగశిర ప్రవేశించిన కొలది దినములకే, సాధారణముగా జూన్ 12వ తేదీన తిరిగి తెరవబడుచుండును. దాదాపు ఏడు వారములు మామిడితోటలందును, అమ్మమ్మగారి యింటి డాబాపైనను స్వేచ్ఛగా విహరించి, నడిరేయి దాక కబుర్లు విని, బారెడు ప్రొద్దెక్కిన పిదప మేల్కొనుటకు అలవడిన పిల్లలను, ఒక్క రాత్రి గడచినంతనే ప్రార్థనకు వరుసలో నిలిపి, ఆనాడే క్రొత్త పాఠమును, ఆ వారముననే పరీక్షను వారిపై మోపుట పసివారియెడ గొప్ప అన్యాయము.

ఇందువలన అధికముగా నష్టపోవువారు వలసకూలీల బిడ్డలు. వానలు పడి ఇటుకబట్టీల పని ఆగినగాని వారు స్వగ్రామము చేరజాలరు. పుస్తకాల సంచి పట్టుకొని వచ్చునప్పటికి తరగతి రెండు పాఠములు దాటిపోయి యుండును. గుణింతములు జ్ఞప్తియందుండి, వత్తులు మరచి, చదువుమన్నపుడెల్ల తడబడు ఆ బిడ్డకు వెనుక వరుసయే స్థిరస్థానమగును. కొన్నాళ్లకు బడికి రాకుండుటయే సుఖమని తోచును. విద్యాసంవత్సరము ప్రారంభమైన తరువాత వచ్చినవారికిని ప్రవేశము నిరాకరింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. కాని హాజరుపట్టీలో పేరు చేరినంత మాత్రమున పాఠము అందదు గదా!

కావున మా కోరిక యిది. బడి తెరచిన నాటినుండి ఒక పక్షము పాటు క్రొత్త పాఠము వలదు, పరీక్ష వలదు, ఆలస్యముగా వచ్చిన బిడ్డకు మందలింపు వలదు. ఉదయమున గత తరగతి వాచకమును, ఎక్కములను మరల చదివింపవలెను. ఉపాధ్యాయుడు ఒక్కొక్క బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని, వాని చదువు ఓపికతో వినవలెను. మధ్యాహ్నము కథలకును, పాటలకును, నీడపట్టున ఆటలకును విడువవలెను. అనేక గృహముల పిల్లలు మధ్యాహ్న భోజనమును నమ్ముకొనియే వత్తురు గనుక, తొలినాడే అది వేళకు వడ్డింపబడవలెను. ఇంటివద్ద తల్లిదండ్రులు మృగశిర నాటినుండియే రాత్రివేళ సెల్‌ఫోను దూరముంచి, దినదినము కొంత ముందుగా పిల్లలను పరుండబెట్టుట మేలు.

పాఠ్యప్రణాళిక పూర్తికాదని కొందరు శంకింతురు. వత్తులు రాని బిడ్డకు పది పాఠములు చెప్పి ముగించినను, వానిలో ఎన్ని ఆ బిడ్డకు దక్కినట్లు?

ప్రభుత్వ పాఠశాలల కమిటీలలో కనీసము నాలుగింట మూడు వంతుల స్థానములను పైచట్టము తల్లిదండ్రులకే ఒసగినది. బడి తెరవకమునుపే సమావేశమై, ఈ పక్షమును గూర్చి తీర్మానము చేసి, ప్రధానోపాధ్యాయులకు అందజేసి, ఊరిలో చాటింపు వేయింపుడు. ప్రైవేటు పాఠశాలలకు పిల్లలను పంపువారు ఇదే కోరికను లిఖితపూర్వకముగా యాజమాన్యముల ముందుంచుడు.