పెరటి పాఠం: అవ్వ రోజా చెట్టు

డర్బన్‌లో జూలై వచ్చింది. పొద్దున చలి, వాన లేదు, నేల పొడిగా ఉంది. గులాబీలను కత్తిరించే నెల ఇదే. కిందటి జూలైలో మా ఇంట్లో ఒక గులాబి చెట్టు గురించి తగువు వచ్చింది. ఆ సంగతి చెబుతూ మీ చెట్లకు పనికొచ్చే మాటలు కూడా చెబుతాను.

ఆ చెట్టు చాట్స్‌వర్త్‌లో మా నాన్నగారి ఇంటి ముందు ఉండేది. నాటింది మా అవ్వ, అంటే నాన్నగారి తల్లి. 1960లలో గ్రూప్ ఏరియాస్ చట్టం కింద కేటో మేనర్ నుంచి మనవాళ్లను పంపేసినప్పుడు మా ఇంటివాళ్లు చాట్స్‌వర్త్ వచ్చారు. లారీలో మంచాలు, గిన్నెలు, దేవుడి పటాలు వేశారు. అవ్వ మాత్రం పాత ఇంటి గులాబి కొమ్మలు నాలుగు కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. "మామిడి చెట్టును మోసుకుపోలేం, కొమ్మనైతే తీసుకుపోవచ్చు" అనేది.

ఆ చెట్టు మన పెద్దలతో ఇండియా నుంచి ఓడలో రాలేదు. చాలా ఏళ్ల తర్వాత నర్సరీలో ఒకాయన పువ్వు చూసి అది 'క్వీన్ ఎలిజబెత్' రకమని చెప్పాడు. అమెరికాలో వాల్టర్ లామర్ట్స్ అనే ఆయన తయారుచేసిన రకం, 1954లో బయటికి వచ్చింది. మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, గుత్తులుగా పూస్తుంది, వాసన కొంచెమే. పుట్టింది అమెరికాలో, పేరు ఇంగ్లండు రాణిది. అయినా మా ఇంట్లో శుక్రవారం దేవుడి పటం ముందు పెట్టింది ఆ పువ్వునే.

అవ్వ దాన్ని 'రోజా' అనేది. 'గులాబి' అనే మాట నేను గుడి క్లాసులోనే నేర్చుకున్నాను. పువ్వు పేరూ గులాబి, రంగు పేరూ గులాబి. ఇప్పుడు అదే క్లాసులో నేను పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు అడిగాడు: "టీచర్, తెల్ల గులాబి అంటే తెల్లని పింకా?" అందరం నవ్వాం. మరి అవ్వ చెట్టు పువ్వును సరిగ్గా చెప్పాలంటే 'గులాబి రంగు గులాబి' అనాలి!

ఇక తగువు సంగతి. మా తమ్ముడికి ఇప్పుడు రెండు కార్లు. ముందు జాగా అంతా సిమెంటు వేయిస్తానన్నాడు. నాకు కోపం వచ్చింది. "అక్కా, నాకూ కష్టంగానే ఉంది. కానీ రాత్రిపూట కారును రోడ్డు మీద ఎలా వదలను?" అన్నాడు. అతని మాటా నిజమే. పనివాళ్లు రావడానికి రెండు వారాలు ఉంది. నేను కత్తెర తీసుకుని వెళ్లాను.

కిందటేడు పూసిన గట్టి కొమ్మలు, పెన్సిల్ లావువి, పన్నెండు కోశాను. ఒక్కొక్కటి 20 సెంటీమీటర్లు. కింద కోత కణుపుకు సరిగ్గా దిగువన, పై కోత కణుపుకు కొంచెం పైన ఏటవాలుగా. ఆకులు తీసేశాను. సగం ఇసుక, సగం కాంపోస్టు కలిపి, కొమ్మలో మూడింట రెండు వంతులు లోపలికి పోయేట్టు కుండీల్లో గుచ్చాను. నీడలో పెట్టాలి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు.

నేను చేసిన తప్పులు మీరు చేయకండి. వేళ్లు వచ్చాయా అని మూడు కొమ్మలను లాగి చూశాను. టీచరు బుద్ధి, రోజూ పరీక్ష పెట్టాలి! ఆ మూడూ పోయాయి. ఇంకో నాలుగింటికి నీళ్లు ఎక్కువ పోశాను, నల్లబడి కుళ్లిపోయాయి. ఐదు బతికాయి. రెండు మూడు నెలలు ముట్టుకోకుండా ఉండటమే ఇందులో కష్టమైన పని.

పాత చెట్టును కూడా వేళ్లతో తవ్వి మా ఇంటికి తెచ్చి నాటాను. సెప్టెంబరంతా చిగురు కోసం చూశాను. రాలేదు. అక్టోబరులో కొమ్మ గీరి చూస్తే లోపల పచ్చదనం లేదు. ఆ రోజు ఏడ్చాను. ఆ కుండీలు లేకపోతే అవ్వ రోజా అక్కడితో సరి.

ఇప్పుడు ఆ ఐదు మొక్కలు ఐదు చోట్ల ఉన్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి గుడి పెరట్లో, రెండు నా క్లాసు పిల్లల ఇళ్లలో. ఐదోది తమ్ముడి ఇంటి వెనక, సగానికి కోసిన డ్రమ్ములో. డ్రమ్ము కోసింది తమ్ముడే.

ఈ నెల పని: మన ఊళ్లో జూలై మధ్య నుంచి చివరిలోపు కత్తిరించండి. ఎండినవి, సన్నవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయండి. మంచి కొమ్మలు నాలుగైదు ఉంచి, బయటివైపు చూసే మొగ్గకు పైన కోయండి. క్వీన్ ఎలిజబెత్‌ను మరీ కిందికి కోయకూడదు, నడుము ఎత్తు చాలు. సుమారు ఎనిమిది వారాలకు పూలు వస్తాయి. జూలై చివర కోస్తే సెప్టెంబరు 24న హెరిటేజ్ డేకి చేతిలో పువ్వు ఉంటుంది. ఎండాకాలంలో మన తేమకు ఆకుల మీద నల్ల మచ్చలు వస్తాయి. రాలిన ఆకులు ఏరి పారేయండి, నీళ్లు పొద్దున్నే మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు.

ఏప్రిల్‌లో డ్రమ్ములో మొక్క మొదటి పువ్వు పూసింది. కోసి నాన్నగారి చేతిలో పెట్టాను. చాలాసేపు తిప్పి చూశారు. "కేటో మేనర్‌లో ఇది బావి పక్కన ఉండేది" అన్నారు. ఆ ఇంట్లో బావి ఉండేదని నాకు అంతవరకు తెలియదు.

ఈ నెల కోసిన కొమ్మలు చెత్తలో వేయకండి. పక్కింటివాళ్లకు రెండు ఇవ్వండి. ఎవరు నాటారో కూడా చెప్పి ఇవ్వండి.